నూకరత్నం మొదటి పెళ్లికూతురు

నూకరత్నానికి నలభై ఒక్క రకాల ముడులు వచ్చు. ఇంతవరకూ ఒక్క పెళ్లికూతురి తల కూడా ఆమె చేతికి రాలేదు.

అదే ఆమె బాధ.

విశాఖపట్నంలో ఆరు నెలలు ఈ పని నేర్చుకుంది. అక్కడ పెట్టిన పోటీలో మొదటి బహుమతి కొట్టింది. గులాబీలా విచ్చుకునే ముడి, శంఖంలా మెలి తిరిగే ముడి, నుదుటి దగ్గర ఉబ్బెత్తుగా లేచి వెనక్కి జారే ముడి, ఏదడిగితే అది బొమ్మ తల మీద పది నిమిషాల్లో కట్టి చూపించేది. అంత వచ్చినా, సాలూరులో ఉండే వరహాలమ్మ పేరు విని ఆమె దగ్గర చేరింది.

వరహాలమ్మకి అరవై ఆరేళ్లు. ఆ చుట్టుపక్కల పెళ్లయినా, సీమంతమైనా, ఆడపిల్ల మొదటిసారి గజ్జె కట్టి వేదిక ఎక్కుతున్నా, తల దువ్వడానికి ఆమెకే కబురు వెళ్లేది. పెద్ద సరంజామా ఏమీ ఉండదు. ఒక చెక్క దువ్వెన, కొబ్బరినూనె సీసా, రేకు డబ్బాలో పిన్నులు. ఆమె కట్టే ముడులు ఎన్నని చూస్తే నాలుగైదుకి మించవు. అయినా ఒకసారి ఆమె చేతికి తల అప్పగించిన మనిషి మళ్లీ ఇంకొకరి దగ్గరికి పోదు.

ఆ కిటుకేదో పట్టుకుందామని వచ్చింది నూకరత్నం. పదకొండు నెలలు గడిచాయి. వరహాలమ్మ ఆమెకి అప్పజెప్పిన పని ఒక్కటే. చిక్కు తియ్యడం.

"మామ్మా, నాకు ముడి ఎప్పుడు నేర్పుతావు?"

"నీకొచ్చు గదే."

"వస్తే మరి కట్టనివ్వవేం?"

"ఆ పిల్ల జుట్టు చూడు ఎలా ఉందో. ముందు చిక్కు తియ్యి."

నూకరత్నం చిక్కు తీసేది. పక్కన కూర్చుని వరహాలమ్మ చేతులనే చూసేది. చూసిన కొద్దీ ఆమెకి అర్థం కాకుండా పోయేది.

ఒకసారి నాట్యం చేసే పిల్లకి ముడి కట్టి, "ఎగురు" అంది వరహాలమ్మ. పిల్ల మూడుసార్లు ఎగిరింది. "గిర్రున తిరుగు" అంది. తిరిగింది. చెవి వెనక ఇంకొక్క పిన్ను గుచ్చి, "ఇక వెళ్లు" అంది. దానికింత తతంగం దేనికి, నాలుగుసార్లు స్ప్రే కొడితే తుపాను వచ్చినా కదలదు కదా, అనుకుంది నూకరత్నం.

ఇంకోసారి సీమంతం. ఎనిమిదో నెల నిండిన అమ్మాయికి ముడిని ఎడమ పక్కకి జరిపి వదులుగా కట్టింది వరహాలమ్మ.

"నడిమధ్యన ఉంటే అందంగా ఉంటుంది కదా మామ్మా? ఫోటోలో వంకరగా పడదూ?"

 వరహాలమ్మ ఆ అమ్మాయి వెనకాల ఒక దిండు పెట్టింది. అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, పెద్దగా ఊపిరి వదిలింది.

ఆ మర్నాడు కంటి ఆపరేషనుకి వెళ్తున్న ముసలావిడ ఒకామె వచ్చింది. వరహాలమ్మ ఆమె నెరిసిన జుట్టంతా ఎత్తి, సరిగ్గా నడినెత్తి మీద ఉసిరికాయంత ముడి వేసింది. ఆ పిలకని చూసి నూకరత్నానికి నవ్వాగలేదు. ముసలావిడ మాత్రం అక్కడే బల్ల మీద వెల్లకిలా పడుకుని చూసుకుని, "హాయిగా ఉందే వరహాలూ" అనుకుంటూ వెళ్లిపోయింది.

మాఘమాసం వచ్చింది. ఒకే రోజు రెండు పెళ్లిళ్లు పడ్డాయి. ఒకటి మక్కువలో, తొమ్మిది గంటలకి. రెండోది సాలూరులోనే, కల్యాణమండపంలో, పది నలభై రెండుకి.

"మక్కువ నేనెళ్తాను. ఇక్కడిది నువ్వు చూసుకో" అంది వరహాలమ్మ, వక్క కొరుకుతూ.

నూకరత్నం విన్నది నిజమో కాదో తేల్చుకోడానికి మళ్లీ అడిగింది. "ఒక్కదాన్నేనా?"

"నీతో పాటు ఇంకెవరొస్తారే?"

ఆ మాటకి నూకరత్నం వీధిలోకి పరిగెత్తింది. ఎందుకు పరిగెత్తిందో ఆమెకే తెలీదు. మలుపు దాకా వెళ్లి మళ్లీ వచ్చింది. అప్పటికప్పుడు కాగితం తీసి కొప్పు బొమ్మ గీసింది. చించేసింది. మళ్లీ గీసింది. ఆమెకి వచ్చిన నలభై ఒకటిలో ఏదీ సరిపోయేలా లేదు. ఇంతవరకూ ఎవరూ కట్టని ముడి కట్టాలి. చూసిన వాళ్లు నోరు తెరవాలి.

పెళ్లినాడు ఏడింటికల్లా మండపంలో ఉంది.

పెళ్లికూతురి పేరు సుభాషిణి. పార్వతీపురం ఆసుపత్రిలో నర్సు. రెండేళ్ల క్రితం టైఫాయిడ్ వచ్చి జుట్టంతా రాలిపోతే కత్తిరించుకుంది. ఇప్పుడిప్పుడే భుజాల దాకా పెరిగింది. అందుకే పూలజడ మాట మానుకుని, కొప్పు పెట్టించుకోవాలనుకుంది.

నూకరత్నం మొదలుపెట్టింది. చేతులు ఉరకలేస్తున్నాయి. ముందు జుట్టుని నుదుటి మీంచే పైకి లేపింది. ఎత్తు కోసం లోపల డోనట్లనే స్పాంజి చుట్టలు రెండు దూర్చింది. వాటి మీద సవరం చుట్టింది. పాయలు తీసి, ఒక్కొక్క పాయనీ మెలేసి, వరస మీద వరస పేర్చింది. ఒక అంతస్తు. రెండు. మూడు. అయిదు అంతస్తులు లేచింది కొప్పు. ప్రతి అంతస్తు అంచునా ముత్యాల పిన్నులు. పైన స్ప్రే.

గది నిండిపోయింది. ఆడపిల్లలంతా చుట్టూ చేరి ఫోన్లలో వీడియో తీస్తున్నారు. కిటికీలోంచి కూడా తొంగిచూస్తున్నారు.

"మా ఇంటావంటా ఇలాంటి కొప్పు చూళ్లేదమ్మా!" అంది పెళ్లికూతురి మేనత్త. "గాలిగోపురంలా ఉంది!"

నూకరత్నానికి ఒళ్లంతా సంతోషం పొంగింది. ఇంకా రెండు ముత్యాలు గుచ్చింది.

సుభాషిణి మధ్యలో రెండుసార్లు అడిగింది. "అయిపోయిందా అండీ?"

"అయిపోవచ్చిందండీ, ఒక్క నిమిషం."

అద్దంలో ఆమె కళ్లల్లో నీళ్లు కనిపించాయి.

"ఏమైందండీ?"

"ఏం లేదు. బాగుంది."

పెళ్లికూతుళ్లకి కన్నీళ్లు మామూలే కదా, అనుకుంది నూకరత్నం.

పది దాటి అయిదు నిమిషాలైంది. బయట ఆటో ఆగింది. మక్కువ నుంచి వరహాలమ్మ వచ్చింది. చెమట తుడుచుకుంటూ గదిలోకి అడుగుపెట్టి, కొప్పు కేసి చూసింది. పిల్లలు తప్పుకుని దారిచ్చారు. పెళ్లికూతురి చుట్టూ ఒకసారి తిరిగింది.



"ఎంతసేపు పట్టిందే?"

"రెండున్నర గంటలు మామ్మా."

"బాగా కట్టావు."

నూకరత్నానికి ఎగిరి గంతేయాలనిపించింది. పదకొండు నెలల్లో ఆ నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు.

గది మూల పీట మీద పెళ్లి పళ్లెం సిద్ధంగా ఉంది. అందులో జీలకర్రా బెల్లం నూరిన ముద్ద, పక్కన తమలపాకులు. వరహాలమ్మ ఒక ఆకు తీసుకుని అరచేతిలో పెట్టుకుంది. పెళ్లికూతురికి ఎదురుగా వచ్చి, ఆమె కూర్చున్నంత ఎత్తులో తనూ కూర్చుంది. పెళ్లికొడుకు చాపినట్టే చెయ్యి చాపింది.

చెయ్యి నుదుటి దగ్గరికి వెళ్లింది. అక్కడ పాపిటబిళ్ల, దాని వెనక ఉబ్బెత్తుగా లేచిన జుట్టు. చెయ్యి ఇంకాస్త పైకి వెళ్లింది. మొదటి అంతస్తు. ముత్యాలు. ఇంకా పైకి వెళ్లింది. నడినెత్తి మీద వాలాల్సిన చెయ్యి గాలిలో ఇటూ అటూ కదిలి, ఎక్కడా ఆగలేక వెనక్కి వచ్చేసింది.

వరహాలమ్మ ఆకుని మళ్లీ పళ్లెంలో పెట్టి, గోడ పక్కన కుర్చీలో కూలబడింది. 

ఫోన్లు పట్టుకున్న పిల్లలకి ఏం జరిగిందో తెలియలేదు. నూకరత్నానికి తెలిసింది. 

మేనత్తకీ తెలిసినట్టుంది. "దానికేముందమ్మా! ముందువైపు ఎక్కడో ఓ చోట అంటిస్తే సరి. పంతులుగారు సర్దుకుంటారులే. ఇంత కొప్పుని పాడుచేసుకుంటామా?"

నూకరత్నం వరహాలమ్మ వంక చూసింది.

"నీ కొప్పు. నీ ఇష్టం" అంది వరహాలమ్మ.

గడియారం పది దాటి పది నిమిషాలు చూపిస్తోంది. ఎదురుగా అయిదు అంతస్తులు. రెండున్నర గంటల పని. మొదటి పెళ్లికూతురు. కిటికీ దగ్గర ఎవరో ఇంకా "అబ్బ, ఎంత బాగుందో" అంటున్నారు.

నూకరత్నం చెయ్యి చాపి పైనున్న ముత్యాల పిన్ను లాగేసింది.

"అయ్యో అయ్యో! ఏంటమ్మాయ్, విప్పేస్తున్నావేంటి?" మేనత్త గోల పెట్టింది. "ముహూర్తం నెత్తి మీదికొచ్చింది! ఫోటోలు కూడా పూర్తిగా తియ్యలేదు! వరహాలమ్మా, చెప్పవేం!"

వరహాలమ్మ చెంగుతో విసురుకుంటోంది.

రెండో పిన్ను, మూడో పిన్ను, పదో పిన్ను. పై అంతస్తు ఒరిగింది. నూకరత్నం వెనక్కి తిరిగింది.

"మామ్మా, నువ్వు కట్టవా? నా చేతులు ఆడట్లేదు."

"నేనిప్పుడే ఒక పెళ్లి చేసొచ్చానే తల్లీ. కాసిని మజ్జిగ ఇప్పించండి ఎవరైనా."

ఇంక ఎవరూ రారని నూకరత్నానికి తెలిసిపోయింది. చీర చెంగు నడుముకి దోపుకుంది. స్ప్రేకి బిగుసుకుపోయిన జుట్టు కొబ్బరిపీచులా ఉంది. దువ్వెన పెడితే దిగట్లేదు. నూనె సీసా అందుకుని అరచేతుల్లో ఒంపుకుంది. పాయ కింద పాయ పట్టుకుని, చివర్ల నుంచి పైకి, వేళ్లతోనే విడదీయడం మొదలుపెట్టింది. విచిత్రం, చేతులు వాటంతటవే ఆడసాగాయి. ఎక్కడ ముడిపడిందో, ఎక్కడ లాగకూడదో, వేళ్లకి చెప్పకుండానే తెలుస్తోంది. డోనట్లు బయటికొచ్చాయి. సవరం ఊడింది.

"అమ్మయ్య" అంది సుభాషిణి. ఆ మాట కడుపులోంచి వచ్చింది.

"నొప్పి పుట్టిందా అండీ?"

సుభాషిణి ఎడమ చెవి వెనక చెయ్యి పెట్టి చూపించింది. అక్కడ పిన్ను గీరుకుని ఎర్రగా కమిలిపోయింది.

"అయ్యో! చెప్పలేదేమండీ?"

"మీరు అంత సంబరంగా కడుతున్నారు. మధ్యలో ఎలా చెప్పను?"

నూకరత్నం ఆ కమిలిన చోట కాస్త నూనె మెల్లిగా రాసింది.

పది ఇరవై. గుమ్మం దగ్గరికి ఎవరో వచ్చి, "పంతులుగారు పిలుస్తున్నారు, అయిందా?" అని అరిచి వెళ్లారు. గదిలో ఆడవాళ్లంతా ఒకేసారి మాట్లాడుతున్నారు. నూకరత్నం పెళ్లికూతురి ముందుకొచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. ఆమె మొహంలోకి చూసింది. పొద్దుటి నుంచీ ఆమె ఎదుటికి రావడం ఇదే మొదటిసారి.

"మీకెలా కావాలో చెప్పండి."

సుభాషిణి ఇబ్బందిగా నవ్వింది. "నాకు పేర్లు అవీ తెలీవండీ."

"పేర్లొద్దు. ఏం కావాలో చెప్పండి చాలు."

సుభాషిణి గొంతు తగ్గించింది. మేనత్తకి వినపడకూడదని కాబోలు. "తెర తీసినప్పుడు తలెత్తి ఆయన్ని చూడాలని ఉంది. ఇందాకటి కొప్పుతో మెడ కదిపితే పడిపోతుందేమోనని భయమేసింది."

"అంతేనా?"

"అంతే."

నూకరత్నం లేచింది. ఇక వెనక్కి చూసుకోలేదు. నడిపాపిట తీసింది. నడినెత్తిన నూనె రాసి, అరచేత్తో జుట్టుని అణిచి నునుపు చేసింది. కమిలిన చోటుని తప్పించి పాయలు వెనక్కి తీసుకుంది. కొద్దిగా సవరం కలిపి, ఒక్క మెలి తిప్పి, మెడ మీద చుట్టింది. పిన్ను గుచ్చబోయి ఆగింది.

"తలెత్తండి."

సుభాషిణి ఎత్తింది. ముడి వీపుకి తగిలింది. నూకరత్నం దాన్ని వేలెడంత పైకి జరిపింది.

"ఇప్పుడు?"

"తగల్లేదు."

"వంచండి. అటు తిరగండి. ఇటు. నొప్పుందా?"

"లేదు."

"అయితే నవ్వండి."

"ఊరికే ఎలా నవ్వనండీ?"

"మీ మేనత్త మొహం చూడండి ఒకసారి."

మేనత్త రాలిపోయిన ముత్యాల పిన్నులని రెండు చేతులా పట్టుకుని, ఇల్లు కూలిపోయినట్టు నిలబడి ఉంది. సుభాషిణి పకపకా నవ్వింది. ముడి కదల్లేదు. పాపిటబిళ్ల నుదుటి మీద చక్కగా ఊగింది. నూకరత్నం కనకాంబరాల దండ తీసి ముడి చుట్టూ తిప్పింది. చివర మరువం రెమ్మ దోపింది.

"గంప తెచ్చేశారు! మేనమామ నిలబడ్డాడు! పిల్లని పంపండి!" బయట కేకలు.

సుభాషిణి లేచింది. గదిలో ఉన్న వాళ్లంతా ఒక్కసారిగా ఆమె వెనక పడ్డారు. నూకరత్నం కూడా పరిగెత్తింది. చేతులకి నూనె, పళ్ల మధ్య మూడు పిన్నులు, చెంగు ఇంకా నడుముకే ఉంది. మండపం కిటకిటలాడుతోంది. ముందుకెళ్లడానికి సందు దొరకలేదు. వంటవాళ్ల బెంచీ ఒకటి కనిపిస్తే ఎక్కి నిలబడింది.

అడ్డుతెర అవతల పెళ్లికొడుకు. బక్కపల్చటి మనిషి. భయంతో బిగుసుకుపోయి కూర్చున్నాడు. చెవుల మీంచి చెమట కారుతోంది. పంతులుగారి గొంతు హెచ్చింది. గడియారం చూసి ఎవరో చెయ్యి ఊపారు. ఒక్కసారిగా మేళం ఎత్తుకుంది.

పెళ్లికొడుకు చెయ్యి తెర పైనుంచి వచ్చింది. ఆకులో ముద్ద, కింద అరచెయ్యి. ఆ చెయ్యి సన్నగా వణుకుతూ ముందుకొచ్చి, ఎక్కడా వెతుక్కోకుండా, సుభాషిణి నడినెత్తి మీద నిండుగా వాలింది. వాలగానే వణుకు ఆగింది. ఆమె చెయ్యి అతని తల మీదకి వెళ్లింది. డోళ్లు హోరెత్తాయి. తెర జారింది.

సుభాషిణి తలెత్తింది.

పూర్తిగా ఎత్తింది. కళ్లు పెద్దవి చేసుకుని నేరుగా అతన్ని చూసింది. అతను చూశాడు. ఏం కనిపించిందో ఏమో, అంత భయపడ్డ మనిషీ నోరంతా తెరిచి నవ్వేశాడు. ఆమె కూడా నవ్వింది. చుట్టూ అక్షింతలు వానలా పడ్డాయి.

నూకరత్నం బెంచీ మీద నిలబడి చప్పట్లు కొట్టింది. పళ్ల మధ్యనున్న పిన్నులు ఎప్పుడు రాలిపోయాయో చూసుకోలేదు. కింద ఎవరో ఆమె కాలు పట్టుకుని, "దిగమ్మా, విరుగుతుంది" అంటున్నా వినిపించుకోలేదు. కళ్లు తుడుచుకుందామని చెయ్యెత్తితే మొహమంతా నూనె అయింది.

మేనత్త దగ్గర్లోనే ఉంది. ముక్కు చీదుకుంటూ పక్కనున్నావిడతో అంటోంది. "మా పిల్ల ఇంత బాగుంటుందని నాకే తెలీదు చూడు."

మధ్యాహ్నం రెండో పంక్తిలో గురువూ శిష్యురాలూ పక్కపక్కన కూర్చున్నారు. విస్తట్లో పులిహోర పడింది. అప్పటికి గానీ తనకి ఎంత ఆకలేస్తోందో నూకరత్నానికి తెలియలేదు. గబగబా తింటోంది.

"నేను ఆ స్తంభం వెనక ఇరుక్కుపోయానే. నాకేమీ కనబడలేదు" అంది వరహాలమ్మ. "కొప్పు ఎలా ఉంది?"

నూకరత్నం చెప్పబోయింది. నోట్లో ముద్ద ఆగిపోయింది. గుర్తు తెచ్చుకోవాలని చూసింది. కనకాంబరాలు జారాయా, మరువం నిలిచిందా, ముడి ఎటైనా ఒరిగిందా. ఏమీ గుర్తు రాలేదు.

"చూళ్లేదు మామ్మా."

"బెంచీ ఎక్కి మరీ ఏటి చూశావే?"

"ఆ అమ్మాయి మొహం."

వరహాలమ్మ విస్తట్లోంచి తలెత్తి, వడ్డించే అతన్ని కేకేసింది.

"బాబూ, ఈవిడకి ఇంకో బూరె వెయ్యి. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసిన మనిషి."